విశ్వవిద్యాలయములందు నాటక విద్య

పరీక్షా ఫలితములు వెలువడిన దినములివి. ఏ యింట జూచినను బిడ్డల నే కళాశాలకు బంపవలెనను తర్కమే వినవచ్చుచున్నది. ఇంజనీరింగా, వైద్యమా, కంప్యూటరు విద్యయా యను మూడు ప్రశ్నలను దాటి నాల్గవ ప్రశ్న మన మధ్యతరగతి గృహముల గడప త్రొక్కుట యరుదు. అట్టి యింట నొక బాలుడుగాని బాలికగాని “నేను విశ్వవిద్యాలయమున నాటకము చదివెద” నని పలికినచో తల్లిదండ్రులకు గలుగు కలవర మింతింత యనరాదు. నాటకమును ఆడుట విన్నారము, చూచుట విన్నారము, చదువుట యేమి? చదివి యేమి సంపాదింతువు? ఇవియే ప్రశ్నలు. మన భాషలో “వీడు నాటకము లాడుచున్నాడు” అను మాటకు కపటము పన్నుచున్నాడనియే యర్థము స్థిరపడినది. పలుకుబడిలోనే యింత యపనమ్మకము పేరుకొనియున్నపుడు తండ్రి నొక్కని నిందించి ప్రయోజనము లేదు. కాని యతని ప్రశ్నకు బదులు చెప్పవలసియున్నది. చదివినవాడెట్లు బ్రతుకును? నాటకమును విశ్వవిద్యాలయమున జదువుటవలన వానికిగాని దేశమునకుగాని యొరుగున దేమి? ఈ ప్రశ్నలను తప్పించుకొని కళామహిమను గూర్చి పొగడ్తలు గ్రుప్పించుట మా యుద్దేశము గాదు.

మొదట నొక విషయము. ఆధునికాంధ్ర నాటకము పుట్టినది పాఠశాలల పంచలలోనే. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు “వ్యవహార ధర్మబోధిని”ని ప్రదర్శింపజేసినపుడు వేషములు ధరించినవారు విద్యార్థులే. 1892లో విజయనగరమున ప్రదర్శితమైన “కన్యాశుల్కము”ను రచించిన గురజాడ అప్పారావుగారు కళాశాలలో బోధకులు. “ప్రతాపరుద్రీయము” కర్త వేదము వేంకటరాయశాస్త్రిగారు చెన్నపురి క్రైస్తవ కళాశాలలో సంస్కృత పండితులు. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారును, కోలాచలము శ్రీనివాసరావుగారును, వారి వెనుక వచ్చిన రాఘవగారును న్యాయవాదులు. వీరందరును చదువుకొన్న చదువు వేరు, చేసిన మహత్కార్యము వేరు. తరగతిలో షేక్స్పియరును కాళిదాసును వల్లెవేయించిన విద్యాలయము, సాయంకాలము విద్యార్థి యా నాటకమునే యాడబోయినపుడు మాత్రము దానిని కాలక్షేపమని లెక్కవైచినది. గ్రంథము పాఠ్యము, ప్రదర్శనము వినోదము! ఈ విభజనము మనకు దొరలిచ్చిన చదువుతో వచ్చినది. అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికమని నాలుగుగా విభజించి, రంగమండపము చతురస్రముగా నుండవలెనో త్ర్యస్రముగా నుండవలెనో కొలతలతో జెప్పిన భరతుని నాట్యశాస్త్రము గల దేశమున నాటకప్రయోగము శాస్త్రము గాదనుట వింతగా నున్నది. అభినవగుప్తుని వ్యాఖ్యతో నా గ్రంథమును పరిష్కరించి 1926లో బరోడానుండి ప్రథమ సంపుటమును వెలువరించిన మానవల్లి రామకృష్ణకవిగారు మనవారే. దానిని తెనిగించిన పోణంగి శ్రీరామ అప్పారావుగారికి 1960లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. పండితులు తమ పనిని తాము చేసిరి. ఆ గ్రంథము చేతబట్టుకొని రంగస్థల మెక్కువానికి తరగతిగది గావలసియుండెను.

ఈ కొఱత మన కొక్కరికే గాదు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున జార్జి పియర్సు బేకరను నాచార్యుడు నాటక రచనను బోధించుచు, శిష్యులు వ్రాసిన నాటకములను వెంటనే యాడి చూచుకొనుటకు నొక ప్రయోగశాలను నడపెను. దానికొక నాట్యశాలయు పట్టమును గావలెనని యెన్నియేండ్లు మొరపెట్టినను హార్వర్డు వినలేదు. 1925లో నాతడు యేలు విశ్వవిద్యాలయమునకు దరలిపోయెను. హార్క్నెసను దాత యొసగిన పదిలక్షల డాలర్లతో నచ్చట నాట్యశాలయు నాటకశాఖయు వెలసినవి. హార్వర్డులో బేకరుగారి తరగతిలో 1914లో జేరిన విద్యార్థులలో యూజీన్ ఓనీలు ఒకడు. అతనికి 1936లో నోబెలు బహుమానము వచ్చినది. బ్రిటనులోనో, షేక్స్పియరు పుట్టిన దేశమై యుండియు, 1947లో బ్రిస్టలు విశ్వవిద్యాలయమున మొదటి నాటకశాఖ యేర్పడువఱకు నాటకము పట్టమునకు దగిన విద్య కాలేదు. మనకు స్వాతంత్ర్యము వచ్చిన యేటనే వారికీ బుద్ధి గలిగినదని మేము చమత్కరించిన పాఠకులు మన్నింతురుగాక. పదియేండ్లు దిరుగకుండ 1957లో నా శాఖలోనే హెరాల్డు పింటరు తొలి నాటకము “ది రూమ్” ప్రదర్శింపబడినది. దానిని వ్రాయుమని మిత్రుని తొందరపెట్టి, తానే నడపించినవాడు ఆ శాఖలో జదువుచుండిన యొక విద్యార్థి. పింటరుకును 2005లో నోబెలు బహుమానము లభించినది. తరగతిగది మహాకవిని పుట్టించునని మేమనము. కాని పుట్టినవాని తొలి నాటకము నాడుటకు నొక చోటును, ఆడువారిని, చూచి విమర్శించువారిని సమకూర్చును. మన తెలుగు రచయితలలో నెందఱి నాటకములు అచ్చుకాగితములయందే నిదురించుచున్నవో గ్రంథాలయమునకు బోవువారెఱుగుదురు.

మన దేశమున 1959లో ఢిల్లీలో జాతీయ నాటక పాఠశాల స్థాపింపబడినది. ఇబ్రహీం అల్కాజీగారు 1962 మొదలు పదునైదేండ్లు దానికి నాయకులై క్రమశిక్షణ నేర్పిరి. కలకత్తాలో రవీంద్రభారతి 1962లోను, కేరళమున త్రిచూరు నాటక పాఠశాల కాలికట్టు విశ్వవిద్యాలయమునకు శాఖగా 1977లోను వెలసినవి. మన యాంధ్ర విశ్వవిద్యాలయము మాటకు వత్తము. వాల్తేరు కొండమీద రిజిస్ట్రారు పదవినుండి దస్త్రములు చూచుకొనవలసిన కూర్మా వేణుగోపాలస్వామిగారు ప్రయోగాత్మక నాట్యశాలను నెలకొల్పి, విద్యార్థులచే నాటకము లాడించి, కళాశాలల నడుమ పోటీలు పెట్టించిరి. రిజిస్ట్రారు నాటకము లాడించుట! నేటి రిజిస్ట్రారు లీ వాక్యమును రెండుమాఱులు చదువుదురుగాక. ఢిల్లీలో జరిగిన యంతర్విశ్వవిద్యాలయ యువజనోత్సవమున కాయన నడిపించిన “మనస్తత్వాలు” ఎంపికయినది. అందు నటించినవారిలో గొల్లపూడి మారుతీరావుగా రొకరు. ఆయన యచ్చట జదివినది గణిత భౌతికశాస్త్రము. ఆపై పత్రికలలోను, ఆకాశవాణిలోను, రంగస్థల రచనలోను, చలనచిత్రములలోను ఆయన గడించిన పేరెల్లరు నెఱిగినదే. భౌతికశాస్త్రము వృథయైనదని యెవరైన ననిరా? తరువాత నాంధ్ర విశ్వవిద్యాలయమున రంగస్థల కళాశాఖయే యేర్పడినది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయము, 1988లో హైదరాబాదు విశ్వవిద్యాలయమున సరోజినీనాయుడు పేరిట లలితకళల విభాగము వెలసి, రంగస్థల విద్యను పట్టములవఱకు దెచ్చినవి. తెలుగు విశ్వవిద్యాలయమును స్థాపించిన ప్రభుత్వమునకు ముఖ్యమంత్రి నందమూరి తారకరామారావుగారు. బెజవాడ కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణగారి శిష్యుడై, నాటకమున స్త్రీవేషము వేయవలసివచ్చినపుడు మీసము దీయుట కొప్పుకొనక “మీసాల నాగమ్మ” యను బిరుదు తెచ్చుకొన్న విద్యార్థి యాయనయే. కళాశాల నాటకము మనుష్యు నెంతదూరము గొనిపోవునో ముందుగా జెప్పుట కష్టము.

ఇక నచ్చట నేర్పున దేమి? పామరులనుకొనునట్లు ముఖమునకు రంగు పూసికొని కేకలు వేయుట కాదు. ఊపిరి నెట్లు నిలుపవలెను, ధ్వనివర్ధకము లేకుండ వెనుకవరుసలోని ముదుసలికి మాట యెట్లు వినిపింపవలెను, దేహమునెట్లు వంచవలెను, నిలువవలెను అనునది మొదటి పాఠము. తరువాత దీపముల విద్య, తెరలను వేదికను నిర్మించు వడ్రంగము, దుస్తులు, సంగీతము, రచన, చరిత్ర, దర్శకత్వము, లెక్కలు వ్రాయుట, ఇరువదిమందిని నెలదినము లొక పనికి గట్టుపడియుండునట్లు చేయుట. ఈ కడపటి విద్యకు మన సంఘములలో నెంత కొఱతయో ఏ సభకైనను కార్యదర్శిగా నున్నవారి నడుగుడు. నాటకము మాత్రమే యొక దినమును ముందే నిర్ణయించి, ఆ గడియకు తెర లేచి తీరవలెనని శాసించును. వాయిదా లేదు, పునర్విచారణ లేదు.

ప్రతిభ పుట్టుకతో రావలెను గాని నేర్చిన వచ్చునా, రాఘవ యే విశ్వవిద్యాలయమున జదివెనని యడుగువారు గలరు. రాఘవగారికి బళ్లారిలో మేనమామ ధర్మవరమువారి నాటక సమాజమే విశ్వవిద్యాలయము. సురభి కుటుంబములలో బిడ్డ లుయ్యెలలోనుండి దిగి నేరుగా రంగస్థలముమీదనే నడక నేర్చుకొందురు. అట్టి యిల్లు లేని వ్యవసాయదారుని కూతునకు, గుమాస్తా కుమారునకు ఆ యిల్లు ప్రభుత్వమే కట్టియీయవలెను. పాఠశాల యనగా నదియే. సంగీతమునకు గురువు గావలెనని యొప్పుకొనువారు నటనకు మాత్రము దైవదత్తమని వదలివేయుట సోమరితనము.

జీవనోపాధి మాట. ఇందు మేము విద్యార్థులకు వట్టియాసలు పెట్టము. కేవలము రంగస్థలముమీదనే బ్రతుకగోరువానికి తెలుగుదేశమున నేడు కూడు పుట్టుట కష్టము. చలనచిత్రములలో వేషము కొఱకే వచ్చువానికి విశ్వవిద్యాలయము దగ్గరదారి గాదు, అచ్చటివా రెవ్వరును పట్టము చూపుమని యడుగరు. తొలి తెలుగు మాటల చిత్రము “భక్త ప్రహ్లాద” 1932లో వెలువడినపుడు సురభివారి నాటకమును సురభివారి నటులను నెత్తికొనిపోయిన చలనచిత్రము, ఆ ఋణమును నాటికి నేటికి దీర్పలేదు. అయినను నాటకము చదివినవానికి చిత్రముల వెనుక చేయదగిన పనులు పెక్కు గలవు. సంభాషణల రచన, సహాయ దర్శకత్వము, కళానిర్మాణము, గాత్రదానము, క్రొత్త నటులకు శిక్షణము. దూరదర్శనమును, రేడియోను, నేటి యంతర్జాల చిత్రమాలికలును మాట స్పష్టముగా బలుకువానికై వెదకుచునే యున్నవి. తెలుగు స్పష్టముగా బలుకువారు తగ్గిన కొలది వాని విలువ పెరుగుచున్నది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము తరఫున జరుగు జాతీయార్హత పరీక్షయందు రంగస్థల కళయు నొక విషయమగుటచే దానిలో నుత్తీర్ణుడైనవా డధ్యాపకుడు గాదగును. పరిశోధనకు మార్గమును గలదు. చెముడు, మూగతనము గల బిడ్డలతోను, చెఱసాలలలోను, వైద్యశాలలలోను నాటకమును సాధనముగా జేసికొని పనిచేయువా రితర దేశములలోనే గాక మన దేశమునను గలరు.

వీనియన్నిటికంటె పెద్దదియు, మనము కన్నెత్తి చూడనిదియు బడి. జాతీయ నాటక పాఠశాల 1989లోనే బాలవిద్యకై ప్రత్యేక నాటకబృందమును స్థాపించి పిల్లలతో పిల్లలకొఱకు పనిచేయుచున్నది. 2020నాటి జాతీయ విద్యావిధానము కళలను చదువుతో మేళవింపవలెనని వ్రాసికొన్నది. వ్రాత బాగుగనే యున్నది. వ్యాయామోపాధ్యాయునివలె నాటకోపాధ్యాయుడును ప్రతి యున్నత పాఠశాలకు గావలెనని మేము కోరుచున్నాము. మండలమున కొక్కని నియమించినను విశ్వవిద్యాలయములనుండి బయటికివచ్చు పట్టభద్రులలో నొక్కడును ఖాళీగా నుండడు. నోరు విప్పుటకు సిగ్గుపడు పల్లెటూరి బాలిక యొక్క వేషము వేసి, నూఱుమంది యెదుట పది మాటలు తడబడక చెప్పినచో నామె తరువాత నే యుద్యోగపు ముఖపరీక్షకును వెఱవదు. ఈ లాభము నే యంకెలలో వేయుదురో విద్యాశాఖవారే చెప్పవలెను.

బాలిక మాట వచ్చినది గనుక నింకొక్కటి. స్త్రీ పాత్రలను పురుషులే ధరించుటయే మర్యాదయని మన తాతలు నమ్మిరి. స్థానం నరసింహారావుగా రా మర్యాదనే మహాకళగా మార్చి 1956లో పద్మశ్రీ నందుకొనిరి. వారికి మా జోహారులు. కాని స్త్రీల పాత్రలు స్త్రీలే ధరింపవలెనని బళ్లారి రాఘవగారు పట్టుబట్టినపుడు సభ్యసమాజ మాయనను తప్పుబట్టినది. ఇంట నుండనిచ్చినవారు, బయటికి బోనిచ్చిన వారెందఱు? నేడు విశ్వవిద్యాలయ రంగస్థల శాఖలలో బాలికలు బాలురతో సమానముగా కూర్చుండి దర్శకత్వమును, దీపవిద్యను నేర్చుకొనుచున్నారు. సంసారపక్షపు బిడ్డ నాటకములో జేరుటయా యను తండ్రికి మేము చెప్పున దొక్కటే. పర్యవేక్షణ లేని సమాజమునకంటె నియమములు, పరీక్షలు, వసతిగృహము గల విశ్వవిద్యాలయము మేలు కాదా?

ఇక ప్రభుత్వముల సంగతి. ఆంగ్ల ప్రభుత్వము 1876లో నాటక ప్రదర్శనముల శాసన మొకటి చేసి, తనకు గిట్టని నాటకమును నిషేధించు నధికారమును తన చేత నుంచుకొన్నది. ఆ శాసనమును మన పార్లమెంటు రద్దుచేయుట కొక శతాబ్దము పైబడి పట్టినది. 2017లో చేసిన రద్దు చట్టముతో గాని యది పోలేదు. ఒక్క మాట మాత్రము నిజము. పరప్రభుత్వము నాటకమునకు భయపడినది, అనగా దాని బలము నెఱిగినది. మన ప్రభుత్వములకు భయమును లేదు, భక్తియు లేదు. పట్టణములలో కళాక్షేత్రములని, పురమందిరములని కట్టినవి యెన్నియో పెండ్లిండ్లకును రాజకీయసభలకును అద్దెకు బోవుచున్నవి. నాటకమున కడిగినచో నా రోజు ఖాళీ లేదందురు, ఖాళీ యున్నచో దీపములు వెలుగవు.

పొరుగున కన్నడదేశమును జూతము. హెగ్గోడను చిన్న పల్లెలో కె. వి. సుబ్బణ్ణగారు 1949లో మొదలిడిన నీనాసం 1980లో నాటక శిక్షణశాలను, 1985లో ఊరూర దిరుగు “తిరుగాట” బృందమును నడపినది. నేర్చినవానికి నేర్చిన మఱునాడే పని! మైసూరులో 1989లో ప్రభుత్వము రంగాయణమును స్థాపించి నటులకు జీతము లిచ్చినది. దానికి తొలి నాయకులైన బి. వి. కారంతుగారి చరిత్ర మన విద్యార్థులు చదువదగినది. బాల్యముననే యిల్లు విడిచి గుబ్బి వీరణ్ణగారి నాటక కంపెనీలో జేరినవాడు. వీరణ్ణగారే యాతనిని పై చదువునకై కాశికి బంపిరి. కంపెనీ యజమాని తన నటుని ఎం.ఏ. చదివించుట! అటనుండి జాతీయ నాటక పాఠశాలకు బోయి 1962లో బయటికి వచ్చి, 1977లో దానికే సంచాలకుడైనాడు. ఇంత చదివినవాడు పాతకంపెనీ నాటకమును జూచి ముక్కు విఱిచెనా? లేదు. మన సురభివారియొద్దకు వచ్చి, వారితో గూర్చుండి “భీష్మ”, “చండీప్రియ”, “బస్తీ దేవత యాదమ్మ” యను నాటకములను దీర్చెను. ఈ మూడవది జర్మను నాటకకర్త బ్రెహ్టు కృతికి ననుసరణము. నూఱేండ్ల సురభి తెరలమీద జర్మను కథ హైదరాబాదు బస్తీ యాసలో నడచినది. విశ్వవిద్యాలయమువలనను సంప్రదాయమువలనను గలుగు ప్రయోజన మొకదానికొకటి విరోధి గాదనుట కింతకంటె నిదర్శనము వలదు.

1885లో కడపజిల్లా సురభి గ్రామమున “కీచకవధ”తో నారంభమైన యా కుటుంబము నేడు హైదరాబాదు శేరిలింగంపల్లిలో కాపురమున్నది. హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు నదియు కొలది మైళ్ల దూరమే. ఆ వృద్ధనటులకు తీగెలమీద ఘటోత్కచు నెగురవేయు నేర్పు గలదు, రెప్పపాటులో నడవిని నగరముగా మార్చు నేర్పు గలదు, పద్యమును భావము చెడకుండ రాగమున దీయు నేర్పు గలదు. వారికి లేనిది పట్టము. పట్టము లేనివాడు విశ్వవిద్యాలయమున బోధింపరాదను నిబంధన యింతకాల మడ్డము వచ్చినది. ఇపుడా యడ్డును లేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో “ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్” అను పదవిని గల్పించి, పదునైదేండ్ల యనుభవము గల నిపుణులను పట్టముతో పనిలేకయే మంజూరైన యుద్యోగములలో నూటికి పదివఱకు నియమించుకొనవచ్చునని మార్గము తెఱచినది. ఒకనాడు కార్యశాలకు బిలిచి శాలువ కప్పి పంపుట చాలదు. వారికి గది, జీతము, కాలపట్టికయందు స్థానము గావలెను. సురభివారికేగాక చిందు యక్షగానము, తోలుబొమ్మలాట, వీథినాటకము నెఱిగిన పెద్దలకును ఈ పదవి దగును. తెలుగు విశ్వవిద్యాలయము, ఆంధ్ర విశ్వవిద్యాలయము, హైదరాబాదు విశ్వవిద్యాలయము, ఈ మూడింటి పాలకవర్గములును రాబోవు విద్యాసంవత్సరమునకు ముందే శాఖకు ఇద్దఱి చొప్పున నట్టి గురువులను నియమింపవలెనని కోరుచున్నాము. ఇందుకు వారు జెప్పు సమాధానమును, అభ్యంతరములున్నచో నా యభ్యంతరములను గూడ, వచ్చినది వచ్చినట్లే మా పత్రికయందు ప్రకటింతుము.